అంచు కుట్టు

కూతురి ఇంటికి వచ్చి మూడు రోజులైంది. మనవడు ఇంకా దర్జీ తాత ఒళ్ళోకి రాలేదు. ఇంత దూరం రైలెక్కి వచ్చింది అందుకే కదా! ఎత్తుకోబోతే చాలు, ఏదో ఒక వంక. ఇప్పుడే పాలు తాగాడంటుంది కూతురు. ఇప్పుడే కళ్ళు మూశాడంటాడు అల్లుడు. అమ్మమ్మ చంకలో మాత్రం పొద్దస్తమానం ఉంటాడు. అప్పుడు వాడికి నిద్రా అడ్డం రాదు, పాలూ అడ్డం రావు.

తాతకి కడుపు మండిపోయింది. అనుమానమంతా అల్లుడి మీదే. లిఫ్టులు బాగుచేసే మనిషి, ప్రతి బోల్టూ రెండుసార్లు బిగిస్తేగాని నమ్మడు. మామగారిని నమ్ముతాడా? నిన్న వంటింట్లో ముగ్గురూ చెవులు కొరుక్కుంటున్నారు. తాత గుమ్మంలో అడుగు పెట్టగానే గప్‌చుప్. అల్లుడు ఖాళీ గ్లాసు ఎత్తి నీళ్ళు తాగినట్టు నటించాడు. నటన కూడా చేతకాదు మహానుభావుడికి.

కొంపదీసి పసిగట్టేశారా? నలభై ఏళ్ళు కత్తెర పట్టిన కుడిచెయ్యి ఆరు నెలలుగా వణుకుతోంది. ఆ సంగతి కట్టుకున్నదానికి కూడా చెప్పలేదు. చెయ్యి జేబులో దోపుకుని తిరుగుతున్నాడు. అన్నం కూడా అందరూ లేచాకే తింటున్నాడు.

నాలుగో రోజు పొద్దున, తాత కుట్టి తెచ్చిన చొక్కా మనవడికి తొడిగారు. కూతురు పక్కనే బట్టలు మడతపెడుతోంది. తాత వంగి, ఎడమచేత్తో చొక్కా అంచు తిరగేసి చూశాడు. అలవాటు ఎక్కడికి పోతుంది! చూసి అలాగే ఉండిపోయాడు.

ఆ కుట్టు తనది కాదు. తను కుట్టింది వంకరటింకరగా పోయింది. ఇదేమో సన్నగా, ఎడమకి కాస్త వాలి ఉంది. దుకాణంలో ఇన్నేళ్ళూ తను కత్తిరించిన ప్రతి బట్టకీ అంచులు కుట్టిన చెయ్యే, పెళ్ళాం చెయ్యి. మొత్తం విప్పి, మళ్ళీ కుట్టి, మడిచి పెట్టెలో పెట్టింది. తనకి తెలియకుండానే.

అంటే అల్లుడు కాదు, ఈవిడన్నమాట! తాత నేరుగా వంటింట్లోకి వెళ్ళి నిలదీశాడు.

"నా చేతికి బిడ్డనివ్వద్దని చెప్పింది నువ్వేనా?"

ఆవిడ తల దించుకోలేదు. "నేనే. మీ అంతట మీరు చెప్పేదాకా ఇవ్వద్దన్నాను. చెయ్యి జేబులో దాచుకుని పసివాణ్ణి ఎలా ఎత్తుకుంటారు?"

తాతకి ముందు కోపమొచ్చింది, తర్వాత సిగ్గేసింది, ఆ రెండూ పోయాక ఏడుపొచ్చింది. కాసేపటికి గదిలోకి వెళ్ళి, గోడకి చేరగిలబడి నేలమీద కూర్చున్నాడు. జేబులోంచి చెయ్యి తీసి కూతురి ముందు చాపాడు. అది వణుకుతోంది.

"ఆరు నెలలైందమ్మా ఇలా. వాణ్ణి నా ఒళ్ళో పెట్టు. మీ అమ్మని పక్కన కూర్చోమను."

కూతురు బిడ్డని ఒళ్ళో పెట్టింది. అమ్మమ్మ వచ్చి, వణికే చేతి కింద తన చెయ్యి ఆనించింది. అల్లుడు గుమ్మంలోంచి ఒకటికి రెండుసార్లు చూసుకుని వెళ్ళాడు. మనవడు మాత్రం మొహం ముడుచుకుని తాతని అనుమానంగా చూశాడు. అచ్చం తాత పోలికే.