గోటి కింది నొప్పి

వందన ఎడమచేతి ఉంగరపు వేలు ఆరేళ్లుగా ఆమెను సతాయిస్తోంది. పైకి వాపు లేదు, చీము లేదు. చన్నీళ్లు తగిలితే మాత్రం గోటి కింద నిప్పు పెట్టినట్టు మంట లేచి మోచేతి దాకా పాకేది. ఆళ్లగడ్డలో ఒక డాక్టరు గోరుచుట్టు అన్నాడు, ఇంకొకరు నరాల బలహీనత అన్నారు. ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. ఆ ఎక్స్‌రే చూశాక ఆమె భర్త కరుణాకర్ ఒక నిర్ణయానికి వచ్చేశాడు. ఇది వేలికొచ్చిన జబ్బు కాదు, పని తప్పించుకునే జబ్బు.

అతను హైస్కూల్లో బయాలజీ చెప్పే మాస్టారు. రుజువు లేనిదే నమ్మనని చెప్పుకోవడం అతనికి గొప్ప.

రెండేళ్ల కిందట క్రిస్మస్ మరునాడు వందన చెల్లెలు కావ్య దొర్నిపాడు నుంచి వచ్చింది. భోజనాలయ్యాక కావ్య గిన్నెలు తోముతుంటే వందన చేతిని కొంగులో చుట్టుకుని పక్కన నిలబడింది. అది చూసి కరుణాకర్‌కు ఒళ్లు మండింది.

"ఇంటికొచ్చిన పిల్లతో పని చేపిస్తాండావే. ఏమైంది నీ చేతికి?"

"నీళ్లు చల్లగుండాయి. తాకలేకుండాను."

"యాడ, చూపీ."

ఆమె చెయ్యి లాక్కుని, గోటి మీద తన బొటనవేలితో బలంకొద్దీ ఒత్తాడు. వందన అరవలేదు. ఊపిరాడనట్టు నోరు తెరిచి, గోడకు జారి కూలబడింది. ముఖమంతా చెమటలు పట్టాయి.

"చూస్తివా కావ్యా, మీ యక్క ఎంత బాగా చేస్తాందో" అని నవ్వాడు.

కావ్య తోమిన గిన్నెలు బోర్లించి చేతులు తుడుచుకుంది. సాయంత్రం బస్సుకే వెళ్లిపోయింది, మళ్లీ ఆ ఇంటికి రాలేదు. తన మీద కోపమేమో అనుకున్నాడు కరుణాకర్. వందన కూడా నొప్పి మాటెత్తడం మానేసింది. తగ్గిందని అతను సంతోషించాడు.

ఈ జనవరిలో ఒకరోజు పొద్దున కుళాయి దగ్గర బిందె అంచు వేలికి తగిలి వందన తెలివితప్పి పడిపోయింది. పక్కింటివాళ్లు ఫోన్ చేస్తే బడి నుంచి పరుగున వచ్చి నంద్యాలకు తీసుకెళ్లాడు.

అక్కడి ఎముకల డాక్టరమ్మ వేలిని కిటికీ వెలుతురులో తిప్పి చూసింది. గోటి అడుగున ఒకచోట నీలం రంగు లీలగా కనబడుతోంది. ఆరేళ్లలో కరుణాకర్ దాన్ని చూడనే లేదు. గుండుసూది తలతో ఆమె గోటిని అక్కడక్కడ తాకింది. ఒక్కచోట వందన అదిరిపడింది. దాని పక్కనే తాకితే ఏమీ లేదు. తర్వాత బీపీ పట్టీ చేతికి చుట్టి, గాలి కొట్టి, వేలికి రక్తం ఆగాక మళ్లీ అదే చోట తాకింది.

"ఇప్పుడు నొప్పి లేదు మేడం" అంది వందన ఆశ్చర్యంగా.

"ఇది గ్లోమస్ ట్యూమర్ అనుకుంటున్నానమ్మా. వేళ్ల కొసల్లో చలికీ వేడికీ రక్తాన్ని సర్దే చిన్న ముడులుంటాయి. వాటిలో ఒకటి గడ్డ కట్టింది. అరుదుగా వస్తుంది. చాలావరకు ప్రమాదం లేనిదే. బియ్యపుగింజంత గడ్డే, నొప్పి మాత్రం మనిషిని పడగొడుతుంది. స్కాన్ తీసి చూద్దాం" అంది డాక్టరమ్మ. "ఇంతకుముందు ఎవరైనా ఇట్లా ఒత్తి చూశారా?"

"లేదు మేడం" అంది వందన. భర్త వైపు చూడను కూడా చూడలేదు.

ఆమె నిజం చెప్పి ఉంటే తట్టుకునేవాడేమో. కరుణాకర్ తల దించుకున్నాడు.

"నేను ఒత్తినా మేడం. నాటకమాడతాందని. మా మరదలి ముందర."

డాక్టరమ్మ రాయడం ఆపింది. "మీరేం చేస్తుంటారు?"

"బయాలజీ టీచర్నండి."

ఆమె మళ్లీ రాయడం మొదలుపెట్టింది.

గోరెత్తి గడ్డ తీశారు. వారానికి పరీక్ష రిపోర్టు వచ్చింది. నంద్యాల బస్టాండులో నిలబడి చదివాడు. గడ్డ నాలుగు మిల్లీమీటర్లు. సన్నటి రక్తనాళాల చుట్టూ గుండ్రటి కణాలు, నడుమ గుండ్రటి కేంద్రకాలు, అన్నీ ఒకే తీరు. క్యాన్సర్ జాడ లేదు. కణమూ కేంద్రకమూ ఇరవై ఏళ్లుగా అతను బోర్డు మీద బొమ్మ గీసి చెబుతున్నవే. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. బస్సులో వందన పక్కన కూర్చున్నాక అన్నాడు.

"తప్పు చేసినా వందనా."

"నొప్పి పోయింది లెండి."

"నేను చేసింది?"

"అది గోటి కింద లేదు గదా, కోసి తీసేకి" అని ఆమె కిటికీ వైపు తిరిగింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక ఎవరికీ చెప్పకుండా దొర్నిపాడు వెళ్లాడు. కావ్యను వాకిట్లోనే నిలబెట్టి అంతా చెప్పాడు. ఆ పిల్ల తిడుతుందని, తిడితే బాగుండని అనుకున్నాడు. ఆమె మెట్టు మీద కూలబడింది.

"నేనూ నమ్మినా బావా. అంత చదువుకున్నోడివి చెప్తాంటివే. మా యక్క పని దొంగని మా అత్తతో గూడ అంటి. అక్క ఫోన్ చేస్తే ఎత్తకుంటి."

తనతో ఆగిందనుకున్న మాట ఇంత దూరం వచ్చిందని, రెండేళ్లు వందనకు తోబుట్టువు కూడా లేకుండా చేసిందని అతనికి ఇప్పుడే తెలిసింది.

"ఇప్పుడెట్లుంది?" అంది కావ్య.

"బాగుంది. చన్నీళ్లలో చెయ్యి పెడతాంది."

కావ్య కళ్లు తుడుచుకుని చెప్పులేసుకుంది. బండి మీద ఇద్దరూ ఆళ్లగడ్డ వచ్చారు. వందన తలుపు తీసి చెల్లెల్ని చూసింది, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. కరుణాకర్ చాలాసేపు గడప బయటే నిలబడ్డాడు.