చివరి కుసాంగ్ కాయలు

బార్లీ అన్నం డబ్బాలో కుక్కి, పక్కన కాస్త సోయా ముద్ద పెట్టి, చున్‌సెంగ్ వెదురుబుట్ట భుజానికి తగిలించుకుంది. వాకిట్లో కొడవలి నూరుతున్న మరిది గీసిక్ తలెత్తాడు.

“వదినా, ఆ బుట్టెందుకు? ఎనిమిదో నెల మొదటి రోజు కదా! అన్న సమాధి మీద గడ్డి కొయ్యొద్దా?”

“నువ్వు కొయ్యి. నేను కొండెక్కాలి.”

“బాగుంది! మొగుడి సమాధికి దిక్కులేదని ఊరంతా అనుకోదూ?”

“అనుకోనీ. ఊరికి వేరే పనేముంది గనక!”

అన్నదే గాని, గుండె పీకుతూనే ఉంది. మొగుడు పోయాక, ఊరంతా సమాధుల మీద గడ్డి కోసే ఈ రోజున వెళ్ళకపోవడం ఇదే మొదలు. కానీ ఏం చేస్తుంది? పొడిగాలి మొదలైంది. దేవదారులాంటి కుసాంగ్ చెట్టు కాయలు అన్ని కాయల్లా రాలవు. కొమ్మల మీద నిటారుగా నిలబడే ముదిరి, అక్కడే పొరలు పొరలుగా విడిపోతాయి. గింజలన్నీ గాలిపాలు. రేపు వెళితే ఒక్కటీ దక్కదు.

విత్తనాల నుంచి మొక్కలు పెంచే తోటకు కాయలు కోసివ్వడం ఆమె బతుకుతెరువు. హల్లా కొండ మీద ఆ చెట్లు ఏటేటా ఎండిపోతున్నాయి. మంచు సరిగా పడటం లేదు మరి! పై గట్టున ఆకుపచ్చగా మిగిలింది ఒక్కటే. మొగుడు తేరిమ్ పెళ్ళి కాకముందు, తప్పిపోయిన ఆవును వెతుకుతూ ఆమెను దాని దగ్గరికే తీసుకెళ్ళాడు. సముద్రపు ఒడ్డు పిల్ల ఆమె. రెమ్మ చుట్టూ ముళ్ళలా విచ్చుకున్న ఆకులు చూపించి, “చూడు, మీ సముద్రంలో రాళ్ళకంటుకునే ముళ్ళబంతి, ఆ కుసల్, మా కొండకొచ్చింది. నువ్వూ వచ్చెయ్” అన్నాడు. వచ్చేసింది.

మధ్యాహ్నానికి గట్టు చేరింది. కాయలు ఊదారంగులో ఉన్నాయి, ఇంకా విడలేదు. మెల్లగా మెలితిప్పి ఒక్కొక్కటే కోసింది. బంకకు చేతి తొడుగు వేళ్ళు అంటుకుపోయాయి. బుట్ట నిండాక చెట్టుకు ఆనుకుని కూర్చుంది. ఛాతీలో ఏదో బరువు.

“నీ గడ్డి నీ తమ్ముడు కోస్తాడులే. నీ చెట్టు సంగతి నేను చూశాను. ఇక్కడున్నట్టు నువ్వా సమాధిలో ఉండవయ్యా, నేనేం చెయ్యను!” అంది.

పొద్దు వాలుతుండగా గీసిక్ తిట్టుకుంటూ వచ్చాడు.

“గడ్డి కోసేశాను. లే వదినా, చలి మొదలైంది.”

భుజం తట్టాడు. ఒళ్ళు చల్లబడిపోయి ఉంది. ముందు కాయలబుట్ట మెడకు తగిలించుకున్నాడు, తర్వాత ఆమెను వీపున ఎత్తుకున్నాడు.

కింది కొమ్మ మీద ఆమె విప్పి పెట్టిన చేతి తొడుగు ఉండిపోయింది. బంక గట్టిపడి, కాయ అందుకోవడానికి వంచిన వేళ్ళు వంచినట్టే ఉన్నాయి.