తుంచని రొట్టె

పద్నాలుగేళ్ళ కిందట టీకాల నర్సు నారిన్ ఎగువన మా మేతబయలుకు గుర్రమెక్కి వస్తే, పెదనాన్న సాతిబల్ది ఆమెకు రొట్టె, పులిసిన గుర్రప్పాలు పెట్టి పొద్దుగూకేదాకా కూర్చోబెట్టాడు. ఈలోగా ఆయన కొడుకులు పిల్లలందరినీ గట్టు దాటించారు. టీకా వేస్తే పిల్లలు నీరసపడిపోతారని ఆయన నమ్మకం. ఆ వేసవిలోనే తట్టు వచ్చింది. నేను బతికాను. ఆరేళ్ళ చెల్లెలు కనిషాయ్ బతకలేదు.

నేను నర్సు చదువు చదివింది ఆ కసితోనే.

ఈ వేసవి ఆయన మనవడికి తట్టు లేచింది. నేను టీకాల పెట్టెతో గుడారంలోకి వెళ్ళేసరికి ఏడాది మనవరాలు అన్న పక్కనే పాకుతోంది. పెదనాన్న రొట్టె పళ్ళెం నా ముందుకు జరిపాడు. రొట్టె తుంచకుండా మా వాళ్ళెవరూ గడప దాటరు. నేను చెయ్యి చాచలేదు.

"పాప వీడి పక్కన ఎప్పట్నుంచి ఉంది?"

"నిన్నే తల్లితో ఊర్నుంచి వచ్చింది. నువ్వు వీడి దగ్గర కూర్చోవచ్చులేమ్మా. నీకు ఒకసారి వచ్చిపోయిందిగా, మళ్ళీ రాదు."

"ఎందుకు రాదో తెలుసా? ఒంట్లో కాపలావాళ్ళుంటారు పెదనాన్నా. ఒకసారి కొట్టినవాడి మొహం చచ్చేదాకా మర్చిపోరు. మళ్ళీ వస్తే గుమ్మంలోనే నరుకుతారు. నేనూ అంతే."

ఆయన పాపను ఎత్తి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు.

"మూడు రోజుల్లోపు టీకా పడితే పాప ఒళ్ళు రోగం కన్నా ముందే తయారవ్వచ్చు. ఇవాళ రెండో రోజు."

"మరి వెయ్యమ్మా."

సూదిలోకి మందు ఎక్కించి, వెయ్యకుండా ఎత్తి పట్టుకున్నాను. అలా చేయకూడదని నాకు తెలుసు.

"ఆ రోజు ఏం చేశారో మీ కోడలితో చెప్పండి."

పక్కనే ఉన్న పాప తల్లి బర్చినాయ్ మా ఇద్దరి మొహాలూ చూసింది. "ఏం చేశారు మామయ్యా?"

"పిల్లల్ని దాచాను," అన్నాడాయన నేల చూస్తూ. "కనిషాయ్ నా వల్లే పోయింది."

పాప తొడకు టీకా వేశాను. పాప గుక్కపెట్టి ఏడ్చింది. మనవడి జ్వరం చూసి, మందు ఇచ్చి, పెట్టె సర్దుకున్నాను.

"జూరాకన్ అక్కా, రొట్టె తుంచి వెళ్ళు," అంది బర్చినాయ్.

నేను బయటికి నడిచాను. ముసలాయన పళ్ళెం పట్టుకుని గుర్రం దాకా వచ్చాడు.

"చెప్పానుగా తల్లీ. ఒక్క ముక్క."

"పాప ఒంట్లో కాపలా ఇవాళ మొదలైంది," అన్నాను జీను మీద నుంచి. "నాది పద్నాలుగేళ్ళ నాటిది."

పక్క గుడారం వైపు గుర్రాన్ని అదిలించాను.