అద్దానికి తెల్లదారం

సంచిలో బరువైనవి అడుగున పెట్టాలి. అక్క ముందు మందుల డబ్బా పెట్టింది, దాని పక్కన టార్చిలైటు, పైన రెండు జతల బట్టలు, శాలువా. అన్నిటికన్నా పైన, పుట్టబోయే బిడ్డ కోసం ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడ్డ నూలుగుడ్డలు. సంచి మూతి బిగించేముందు చెల్లెలి వైపు ఓరగా చూసి, దువ్వెన బయటకు లాగి దిండు కిందకు తోసేసింది.

"చూశాలే," అంది చెల్లెలు, తలుపు దగ్గర షూ లేసులు కట్టుకుంటూ. "ఈసారి దువ్వెనా? పోయినసారి చెప్పు ఒకటి దాచావు. వియ్యపురాలి గుమ్మంలో ఒంటి చెప్పుతో దిగాను నేను."

"తిరిగొచ్చావుగా మరి."

"చెప్పు కోసం రాలేదు తల్లీ, నీ పోరు పడలేక వచ్చాను."

అక్కకు నవ్వు రాలేదు. ఆమెకు డెబ్బై రెండేళ్లు. అమ్మ ఆస్పత్రికి వెళ్లిన రోజున కళ్లజోడు, చెప్పులు, చేతికర్ర, సబ్బుపెట్టెతో సహా అన్నీ తనే సర్ది పంపింది. ఇంట్లో అమ్మది ఒక్క వస్తువు మిగల్లేదు, అమ్మా రాలేదు. ఉద్యోగానికని వెళ్లిన తమ్ముడు గోడకున్న మేకు కూడా పీక్కుని వెళ్లాడు. వాడూ అంతే. అప్పట్నుంచి ఈ ఇంట్లోంచి ఎవరినీ నిండు సంచితో పంపలేదు. వెళ్లేవాళ్లది ఏదో ఒకటి ఇంట్లో ఉండిపోవాలి. అది వాళ్లను వెనక్కి లాగుతుందని ఆమె నమ్మకం. పైకి చెప్తే నవ్వుతారని చెప్పేది కాదు, చెప్పకపోయినా నవ్వేవాళ్లు.

చెల్లెలు ఇరవై ఆరేళ్లు స్కూలు బస్సు నడిపింది. వీధిలో అందరికీ ఆమె స్టీరింగమ్మే. భర్త పోయాక అక్కాబావల ఇంట్లోనే ముందుగదిలో ఉంటోంది. ఈ బుధవారం తన పాత ఎర్రకారులో కొండదాటి కూతురి దగ్గరకు వెళ్తోంది. ఆ పిల్లకు రేపో మాపో కాన్పు. మొత్తం మూడు గంటల ప్రయాణం, అందులో సగం కొండమలుపులు.

ఆ మలుపులు తలుచుకుని అక్క వారం రోజులుగా సరిగ్గా నిద్రపోలేదు. మలుపులను ఆమె ఎటూ తిన్నగా చేయలేదు. చేయగలిగింది ఒక్కటే, కారు కడగడం.

అది ఆ ఇంట్లో తేలికైన పని కాదు. అక్క మొగుడు నలభై ఏళ్లు కార్లకు రంగులేసిన మనిషి. బయట అందరూ పెయింటరనే పిలుస్తారు. షెడ్డు మూతపడినప్పుడు అక్కడ మిగిలిన పాలిష్‌, వ్యాక్స్ పెద్ద డబ్బాలన్నీ ఇంటికి మోసుకొచ్చాడు. కుడిభుజం పట్టేసినప్పట్నుంచి పని అక్కది, కుర్చీ ఆయనది.

ఒకసారి అక్క బజారు నుంచి మీద కార్ల బొమ్మలున్న సీసా ఒకటి కొనుక్కొచ్చింది. కడగడం, మెరిపించడం, వ్యాక్స్ పట్టించడం అన్నీ అదొక్కటే చేస్తుందని దాని మీద రాసి ఉంది.

"కాఫీ, సబ్బునీళ్లు ఒకే గ్లాసులో పోసిస్తే తాగుతావా?" అన్నాడు పెయింటరు. ఆ సీసా ఇప్పటికీ బాత్రూంలో ఉంది. దాంతో నేల తుడుస్తారు.

ఆయన పద్ధతి వేరు. పెద్ద డబ్బాల్లోంచి కొద్దికొద్దిగా తీసి, ఒకే సైజు చిన్న డబ్బాల్లో పోసి, కిటికీ పక్క అరలో వరసగా పెట్టేవాడు. పేర్లు రాసేవాడు కాదు. తడిచేతులతో పట్టుకుంటే రాత చెరిగిపోతుందని, చదవాలంటే కళ్లజోడు వెతుక్కోవాలని ఆయన వాదన. అందుకని అక్క కుట్టుపెట్టెలోంచి దారాలు తెంపి డబ్బాల మెడలకు కట్టాడు. టైర్లకు నలుపు. గీతలు పోగొట్టే పాలిష్‌కి ఎరుపు. వ్యాక్స్‌కి లేతనీలం. అద్దాలు తుడిచే క్రీముకి తెలుపు.

ఆ పొద్దున కారును ఎండలోంచి గోడనీడలోకి తెచ్చారు. రెండు బకెట్లు పెట్టారు, ఒకటి షాంపూ నీళ్లకు, ఒకటి మురికి స్పాంజి జాడించడానికి.

"గిన్నెల సబ్బు వేయలేదు కదా?" అన్నాడు పెయింటరు కుర్చీలోంచి.

"యాభై ఏళ్లుగా అడుగుతున్నారు."

"ఒక్కసారి వేశావు."

"పెళ్లైన కొత్తలో!"

"కారుకి గుర్తుంటుంది. ఉన్న వ్యాక్సంతా ఊడ్చిపారేసింది ఆ సబ్బు. పైనుంచి కిందకి రావే, కింది మట్టి పైకి రాయకు. ఆ గుడ్డ నేల మీద పడిందా? ఇక దాన్ని ముట్టుకోకు, ఒక్క ఇసుకరేణువు చాలు గీత పడ్డానికి."

తడి ఆరాక ఆయనే లేచి, అరలోంచి వ్యాక్స్ డబ్బా చూసి అందించాడు. "ఊపిరంత పల్చగా రాయి. దట్టంగా రాస్తే ఎక్కువ మెరుస్తుందనుకునేవాడు పిచ్చోడు. అద్దానికి మాత్రం తగలనీకు."

ఒక్కో తలుపు దగ్గరా ఆగుతూ, అక్క గుండ్రంగా రాసి, తెల్లపొర కట్టాక మెత్తటి గుడ్డతో తుడిచింది. పాత ఎర్రరంగులో ఆమె ముఖం కనిపించింది. పదకొండింటికి పెయింటరు నొప్పిమాత్ర వేసుకుని నడుం వాల్చాడు.

అద్దాలు మిగిలాయి. వెళ్లేది కొండ మీదకు, ముందు అద్దం మీద చిన్న మరక కూడా ఉండకూడదని అక్క పట్టుదల. అరలోంచి తెల్లదారం డబ్బా తీసింది. తెల్లటి క్రీము. అద్దమంతా రాసి, ఆరనిచ్చి, చేతులు పీకేదాకా తుడిచింది. అక్కడ అద్దం ఉందా లేదా అన్నంత తేటగా వచ్చింది. గుడ్డకు క్రీము ఇంకా కాస్త మిగిలింది. పారేయడమెందుకని పక్కన మేకుకు వేలాడుతున్న మొగుడి హెల్మెట్ తీసి, మసకబారిన దాని ముందు అద్దం కూడా తుడిచి పెట్టింది.

రెండున్నరకు చెల్లెలు సంచిని డిక్కీలో పెట్టింది. ఫోను ఆ సంచి అడుగున దోపింది. బస్సు రోజుల అలవాటు అది.

"చేతిలో స్టీరింగు ఉంటే చెవిలో ఇంకేమీ ఉండకూడదక్కా. చేరాకే చేస్తాను."

"దారిలో ఎక్కడా ఆగవా?"

"కొండ కింద పెట్రోలు బంకు దగ్గర ఆగుతాను. టీ తాగి, టైర్లలో గాలి చూసుకుని, ఇంజను చల్లబడ్డాక పైకెక్కుతాను. అరగంట పడుతుంది. బావా, నీ పెళ్లానికి ఓ మాత్ర వేసెయ్యి, నేను దిగేదాకా లేవకుండా."

"ఆ మాత్ర దొరికితే ముందు నేను వేసుకుంటాను," అన్నాడు పెయింటరు.

కారు వీధి మలుపు తిరిగేదాకా అక్క గేటు పట్టుకుని నిలబడింది. దూరంగా కొండ మీద మబ్బు నల్లగా దిగుతోంది.

లోపలికొచ్చి గుడ్డలు ఉతకడానికి కూర్చుంది. టైర్లవి, కారు ఒంటివి, అద్దాలవి వేరువేరుగా ఉతకాలి, అదీ ఆయన పెట్టిన పద్ధతే. అద్దాలు తుడిచిన గుడ్డను కుళాయి కింద పెట్టింది. నీళ్లు గుడ్డలోకి ఇంకలేదు. గుండ్రటి పూసలై, గుడ్డ మీద దొర్లి, చేతి పక్కనుంచి జారిపోయాయి. మళ్లీ పెట్టింది. మళ్లీ పూసలే.

ఒంటికి వ్యాక్స్ తుడిచిన గుడ్డ మీద నీళ్లు అలా దొర్లుతాయి. అద్దపు గుడ్డ మీద దొర్లకూడదు.

తడికాళ్లతోనే వెళ్లి అర ముందు నిలబడింది. తెల్లదారాల డబ్బాలు రెండున్నాయి. రెంటినీ కిటికీ దగ్గరకు తెచ్చి, ఒకదాని ముడి విప్పింది. ముడిలోపల, ఎండ తగలని చోట, దారం నీలంగా ఉంది.

"ఏవండీ!"

ఆ కేకకు పెయింటరు మంచం మీదే లేచి కూర్చున్నాడు. విషయం విన్నాడు. డబ్బా మూత తీసి వేలితో తడిమాడు, వాసన చూశాడు.

"వ్యాక్సే," అన్నాడు.

"ఏమవుతుంది?"

"పొడిగా ఉన్నంతసేపు ఏమీ కాదు."

"వానొస్తే?"

ఆయన కిటికీలోంచి కొండవైపు చూశాడు. అబద్ధం చెప్పడం ఆయనకు చేతకాదు. "వైపరు తిప్పితే జిడ్డు అలుక్కుపోతుంది. ఎదుటి బండి లైటు పడిందంటే అద్దమంతా తెల్లగోడ."

అక్క ఫోను చేసింది. డిక్కీలో, సంచి అడుగున, శాలువా కింద అది మోగుతూనే ఉందని ఆమెకు తెలుసు. అయినా నాలుగుసార్లు చేసింది.

"బంకు దగ్గర అరగంట ఆగుతుందండీ. ఇటుకబట్టీల మీదుగా అడ్డదారిన వెళ్తే అందుకోవచ్చు. మీరే వెళ్లాలి."

"ఈ భుజంతోనా?"

"నా చేత్తో దాన్ని పంపేశానండీ. నా చేత్తోనే."

ఆయన బూట్లు తొడుక్కున్నాడు. అసలైన అద్దపు క్రీము, రెండు ఉతికిన గుడ్డలు స్కూటరు డిక్కీలో వేసుకున్నాడు. మేకుకున్న హెల్మెట్ అక్కే తీసి అందించింది. గోడగడియారం మూడు కొట్టింది.

"తలుపేసుకో. గడపలో నిలబడకు, చుట్టుపక్కలవాళ్లు నిన్ను నేనే తన్ని తరిమేశాననుకుంటారు," అని స్కూటరు తీశాడు.

అక్క తలుపేసుకోలేదు. నాలుగు మెట్లు, గేటు, మళ్లీ నాలుగు మెట్లు. మూడున్నరయింది. కారు ఈపాటికి బంకు దగ్గర ఉండాలి. ఒకవేళ టీకొట్టు మూసి ఉంటే? ఆగకుండా నేరుగా పైకెక్కేస్తే? మొదటి మలుపు, దాని పక్కన లోయ, తెల్లగోడలాంటి అద్దం. కళ్లు మూస్తే అదే, తెరిస్తే అదే. లోపలికెళ్లి దిండెత్తి చూసింది. దువ్వెన ఉంది. చేతిలోకి తీసుకుని, పళ్లు అరచేతిలో గుచ్చుకునేలా పట్టుకుంది.

నాలుగుకు ఐదు నిమిషాలుందనగా ఫోను మోగింది.

"అక్కా, నేనే. బావ వచ్చాడు. బంకు వాళ్లంతా చూస్తుండగా నా అద్దాన్ని చెంప వాయించినట్టు తోముతున్నాడు. నాకు పరువు లేకుండా చేశారు మొగుడూ పెళ్లాలు!"

అక్క మంచం అంచున కూర్చుంది. ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. "ఒక్కసారి ఆయనకివ్వు."

"ఏమోయ్ తెల్లదారం," అన్నాడు పెయింటరు. ఆయన రొప్పుతున్నాడు. "నీళ్లు పోసి చూశాను. పూసలు లేవు, పొరలా సాఫీగా జారుతున్నాయి. ఇక భయం లేదు. ఇక్కడ చినుకులు మొదలయ్యాయి, పెద్దదవకముందే బయలుదేరతాను. స్నానానికి నీళ్లు కాచి పెట్టు, భుజం మంటెత్తిపోతోంది."

"నెమ్మదిగా రండి."

"స్కూటరుకి నెమ్మది తప్ప ఇంకేమీ రాదు."

ఫోను పెట్టేశాడు. అక్క లేచి నీళ్లు పొయ్యి మీద పెట్టింది. తువ్వాలు తీసి కుర్చీ మీద వేసింది. భుజానికి రాసే తైలం ఎక్కడుందో వెతికింది. ఆ సందడిలో దువ్వెన మళ్లీ దిండు కింద పెట్టి, ఆరేయని గుడ్డలు గుర్తొచ్చి అటు నడిచింది.

అద్దాల గుడ్డ బకెట్టులో తేలుతోంది. దాని మీద నీటిపూసలు ఇంకా అలాగే ఉన్నాయి. దాని పైన గోడకు మేకు ఉంది. హెల్మెట్ లేని మేకు.

గుడ్డకు మిగిలిన ఆ కాస్త క్రీము గుర్తొచ్చింది. పారేయడమెందుకని తుడిచిన హెల్మెట్ ముందు అద్దం గుర్తొచ్చింది.

ముందు చెల్లెలికి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. అది మళ్లీ సంచి అడుగుకు చేరిపోయింది. మొగుడికి చేసింది. ఆయన ఫోను పడగ్గదిలో, కొక్కేనికున్న చొక్కా జేబులో మోగింది. గదిగుమ్మంలో నిలబడి అది ఆగేదాకా విన్నది. ఆయన కళ్లజోడు బల్ల మీదుంది. చెప్పులు మంచం కిందున్నాయి. మాత్రల చీటీ, చేతిగడియారం, సగం చదివి బోర్లించిన పేపరు, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇన్ని ఉన్నాయి కదా, ఇన్ని ఉన్నాయి కదా అనుకుంటూ ఒక్కొక్కదాన్నే తెచ్చి దిండు కింద పెట్టసాగింది.

పైకప్పు మీద వాన పడటం మొదలైంది. పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి.

కబురందుకున్న చెల్లెలు మర్నాడు పొద్దున ఎనిమిదింటికి తిరిగి వచ్చింది. బుధవారం మధ్యాహ్నం మూడు గంటలకు స్కూటరు మీద వెళ్లిన పెయింటరు తిరిగి రాలేదు.