లేని రెండు వేళ్లు

పొద్దున ఇల్లందు బస్సు వెళ్లిపోయాక జూలూరుపాడు రోడ్డు మీద మొదట లేచే షట్టరు శ్రీశైలం వర్క్‌షాపుది. షట్టరు ఎత్తి, ముందర నీళ్లు చల్లి, నిన్నటి ఇనుప రజను ఊడ్చి ఓ పక్కకు పోసి, పక్క హోటల్ సీతయ్య పంపిన చాయ్ అందుకుంటాడు. గ్లాసును కుడిచేతితోనే పట్టుకుంటాడు. ఆ చేతికి చూపుడు వేలు, నడిమి వేలు లేవు. గ్లాసు మాత్రం ఆ రెండు వేళ్లు ఉండాల్సిన చోటే, గాలిలో, కుదురుగా నిలబడుతుంది. చాయ్ ఎంత పొగలు కక్కుతున్నా ఆయన చెయ్యి మార్చడు.

కొత్తగా వచ్చినవాళ్లు ఒకసారి అటు చూస్తారు. తర్వాత వాళ్లు కూడా వచ్చిన పనిలో పడిపోతారు.

ఆ వేళ్లు పోయేనాటికి ఆయన బిడ్డ అరుణశ్రీ ఇంకా బడిలో చేరలేదు. సొంత షాపులోనే, రేకు కత్తిరించే మిషను కింద, ఒక్క క్షణం పక్కకు చూసినందుకు పోయాయి. ఖమ్మం దవాఖానాలో కట్టు కట్టి పంపారు. కట్టు విప్పిన రోజు మంచం మీద కూర్చొని చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే భార్య సునంద గడపలోంచి చూసింది. గుండీలు ఒక్కొక్కటి వాటంతటవే కాజాల్లోకి దూరుతున్నాయి.

"ఉన్నయా అవి?" అని అడిగింది.

"ఉన్నయి. కనిపిస్తలెవ్వు, గంతే."

"నొప్పి గిట్ల ఉన్నదా?"

"లేదు."

"అయితే జర గీ డబ్బా మూత తియ్యి. పొద్దటి సంది వస్తలేదు."

మూత వచ్చింది. ఆ తర్వాత ఇంట్లో దాని గురించి పెద్దగా మాటలేం జరగలేదు. ఊళ్లోనూ అంతే. బస్సులో కండక్టర్లు గాలిలో నిలబడ్డ నోటు తీసుకొని, టికెట్టును మళ్లీ అక్కడే నిలబెట్టి ముందుకు పోయేవాళ్లు.

శ్రీశైలం చేసేవి స్క్రూలు. జేబులో పట్టే చిన్నవి కాదు, మనిషి నిలువు కంటే పొడుగైనవి. పొడవాటి గొట్టం, దాని లోపల షాఫ్టు చుట్టూ మెలికలు తిరిగిన రేకు. కింద మూతి దగ్గర వడ్లో మక్కజొన్న గింజలో పోసి మోటారు వేస్తే, గింజలు ఆ మెలికల మీదుగా ఎక్కి పైన రాలతాయి. నేలలో గుంతలు తోడేవి కూడా చేస్తాడు. చండ్రుగొండ వైపు పామాయిల్ మొక్కలు పెట్టేవాళ్లు వాటిని ట్రాక్టర్ వెనక బిగించుకొని పోతారు.

ముందుగా రేకును నడుమ రంధ్రంతో పెద్ద పెద్ద గారెల్లాగా కోస్తాడు. ఒక్కో గారెను ఒక పక్క తెగ్గోసి, ఆ అంచును పక్కదాని అంచుకు వెల్డింగ్ చేస్తాడు. వరుసంతా షాఫ్టుకు తొడిగి, ఒక కొస బిగించి, రెండో కొసను చైన్ పుల్లీతో లాగుతాడు. ఒకదానికొకటి అంటుకున్న రేకులు మెల్లగా విడిపోతూ మెలిక తిరుగుతాయి. లాగేటప్పుడు రేకు ఎక్కడ ఎదురు తిరుగుతుందో చెప్పలేం. అక్కడ ఎవరూ చెయ్యి పెట్టరు. శ్రీశైలం లేని వేళ్లు పెడతాడు. ఎర్రగా కాలి ఉన్న అతుకును వాటితోనే సర్దుతాడు. తిరుగుతున్న స్క్రూ పక్కన వాటిని జొనిపి, రేకు గొట్టానికి ఎక్కడ రాసుకుంటుందో కనిపెడతాడు. వాటిని ఇనుము కొయ్యదు, నిప్పు కాల్చదు.

అరుణశ్రీ కొత్తగూడెంలో పాలిటెక్నిక్ చదివి వచ్చింది. ఫోన్లు మాట్లాడటం, కొలతలు రాసుకోవడం, బొమ్మ గీసివ్వడం, సామాను తెప్పించడం అన్నీ ఆమే. మిషన్ల దగ్గరికి మాత్రం తండ్రి రానివ్వడు. వెల్డింగ్ పట్టుకోవడం ఆయన్ను చూసే నేర్చుకుంది, ఆయన చూడనప్పుడు.

"ఆడపిల్లననా?" అని ఒకసారి అడిగింది.

"కాదు. పది వేళ్లున్నదానివని."

ఆ ఎండాకాలం హైదరాబాద్ దగ్గర ఒక ఫ్యాక్టరీ నుంచి ఆమెకు పిలుపు వచ్చింది. చల్లటి గదిలో కంప్యూటర్ ముందు కూర్చొని మిషన్ల బొమ్మలు గీసే పని. సునంద సంబరపడింది. శ్రీశైలం అంతకంటే ఎక్కువ సంబరపడి సీతయ్య హోటల్లో అందరికీ చాయ్ పోయించాడు.

"పోతగానీ నాయినా," అన్నది అరుణశ్రీ ఆ సాయంత్రం, "నాకు ఇనుము చేతికి తగలాలె. ఉత్త గీతలు గీస్తే పని చేసినట్టనిపియ్యది."

"గీతలకు రక్తం కారది బిడ్డా," అన్నాడు ఆయన. బట్టల కోసం ఒక కొత్త సూట్‌కేసు కొన్నారు.

ఆ రోజుల్లోనే చండ్రుగొండ అవతలి తండా నుంచి సోని వచ్చింది. భర్త బలరాంను వెనక కూర్చోబెట్టుకొని తనే బండి నడుపుకుంటూ వచ్చింది. బలరాం నడుము మీద చెయ్యి పెట్టుకొని, ఒక్కో కాలూ మెల్లగా దించి దిగాడు.

"బస్తాలు మోసి మోసి గిట్లయిండు అన్నా," అన్నది సోని. "బరువెత్తొద్దని డాక్టరు చెప్పిండు. మక్కలు కల్లం కాడ ట్రాలీలకు ఎక్కియ్యాలె. మా ఒక్కళ్లయే గాదు, తండ మొత్తానియి. మిషను నా తాన ఉంటే నేనే అందరికీ పోస్త."

"ట్రాలీ గోడ దాటి పడాలె, గంతేనా?"

"అవ్. గంతే."

"సప్పుడు తక్కువుండేటట్టు చెయ్యి అన్నా," అన్నాడు బలరాం. "మా అమ్మ పగటిపూట పండుకుంటది."

శ్రీశైలం ఆ రోజే రేకులు కొయ్యడం మొదలుపెట్టాడు. సగం అతుకులు అయ్యేసరికి ఇల్లందులో స్నేహితుడు వీరేందర్ బిడ్డ పెళ్లి వచ్చింది. వెళ్లక తప్పదు. షాపు తాళాలు అరుణశ్రీకి ఇచ్చి, సునందను తీసుకొని బస్సెక్కాడు.

పెళ్లి చూసుకొని తిరిగి వచ్చేసరికి అతుకులన్నీ పూర్తయి, స్క్రూ దిమ్మెల మీద పడుకొని ఉంది. శ్రీశైలం చెప్పులు విడిచి దాని పక్కన గొంతుక్కూర్చున్నాడు. కుడిచేతిని అతుకుల మీదుగా మెల్లగా నడిపించాడు. రేకు మీద పడిన ఇనుప రజనులో రెండు సన్నటి గీతలు ఆ కొస నుంచి ఈ కొస దాకా గీసుకుంటూ వచ్చాయి.

"ఎవలు చేసిండ్రు?"

"నేనే," అన్నది అరుణశ్రీ.

ఆయన మళ్లీ ఒకసారి మొదటి నుంచి తడిమి చూశాడు. "మంచిగొచ్చింది," అన్నాడు. చెప్పులు వేసుకుంటూ, "మళ్ల చెయ్యకు," అన్నాడు.

మిషనును ట్రాలీ ఆటోలో వేసుకొని తండాకు తండ్రీకూతుళ్లిద్దరూ వెళ్లారు. ఆమె ప్రయాణం దగ్గర పడింది, కనీసం తను అతికిన స్క్రూ తిరగడం చూసి పోతానన్నది. కల్లంలో మక్కలు పచ్చగా, అంత ఎత్తు కుప్ప పోసి ఉన్నాయి. గొట్టాన్ని ఏటవాలుగా ట్రాలీ మీదికి ఆనించి, మూతికి చేతులు లోపలికి పోకుండా ఇనుప జాలి బిగించి, మోటారుకు బెల్టు వేశారు. సోని స్విచ్చి వేసింది. గింజలు గొట్టంలో సన్నగా గలగలలాడుతూ ఎక్కి, పైన వడగండ్లలా రాలడం మొదలుపెట్టాయి.

నిద్రలేచి వచ్చిన బలరాం తల్లి గట్టు మీద కూర్చొని చాలాసేపు చూసింది. లంబాడీలో ఏదో అంటే చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

"ఏందట?" అని అడిగాడు శ్రీశైలం.

"'నా కొడుకు నడుం పోకముందు రాకపోయిందా గిది' అంటాంది," అన్నది సోని.

గింజల్లో పొట్టు, విరిగిన కంకి బెండు ముక్కలు చాలా ఉన్నాయి. అవి జాలి మీద పేరుకుపోయి గింజలను ఆపుతున్నాయి. బలరాం ఓపికగా రెండుమూడు సార్లు దులిపాడు. నడుము వంగక విసుగొచ్చి జాలి విప్పి పక్కన పెట్టాడు. శ్రీశైలం అప్పుడు గొట్టం పై కొసన ఉన్నాడు, చూడలేదు. అరుణశ్రీ మూతి పక్కనే ఉంది. ఒక బెండు అడ్డంగా ఇరుక్కొని గింజలు ఆగిపోతుంటే, ఇంట్లో పొయ్యి మీది గిన్నె జరిపినంత మామూలుగా చెయ్యి చాపింది.

చేతి గ్లౌజు కొన రేకు కింద పడింది. స్క్రూ దాన్ని లోపలికి లాక్కోవడం మొదలుపెట్టింది.

"నాయినా," అన్నది ఆమె. అన్నానికి పిలిచినట్టే ఉంది ఆ పిలుపు, కానీ శ్రీశైలం ఒక్క ఉరుకున వచ్చాడు. స్విచ్చి దాకా పోయే సమయం లేదు. ఆమె చేతి పక్కనుంచి తన కుడిచేతిని తోసి, లేని వేళ్లు రెండింటినీ రేకుకూ గొట్టానికీ నడుమ జొనిపాడు.

స్క్రూ ఆగిపోయింది. మోటారు మూలిగింది. బెల్టు జారి రబ్బరు కాలిన వాసన కొట్టింది. అప్పటికి సోని స్విచ్చి దగ్గరికి చేరి కరెంటు ఆపింది. బలరాం నడుము సంగతి మరిచి బెల్టు చక్రాన్ని పట్టి వెనక్కి తిప్పాడు. అరుణశ్రీ చెయ్యి బయటికి వచ్చింది. గ్లౌజు చినిగింది, వేళ్ల కణుపుల మీద ఎర్రటి చార ఒకటి పడింది, అంతే. శ్రీశైలం ఎడమచేత్తో ఆమె వేళ్లు ఒక్కొక్కటి ముట్టి చూశాడు.

సోని మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆయన కుడిచెయ్యి చాపాడు. గ్లాసు జారి మక్కల్లో పడింది. ఇంకో గ్లాసు ఇచ్చింది, అదీ పడింది.

"లెవ్వా?" అని మెల్లగా అడిగింది అరుణశ్రీ.

ఆయన మూతి దగ్గర కూర్చొని, మొండి కణుపులను గొట్టానికి ఆనించి కాసేపు కళ్లు మూసుకున్నాడు.

"ఉన్నయి. అండ్లనే ఉన్నయి. మెసుల్తున్నయి."

"గొట్టం విప్పుదాం నాయినా. నా వల్లనే గదా. బోల్టులన్నీ నేను విప్పుత."

"ముందుగాల ఒకసారి నడిపిచ్చి చూద్దాం," అన్నాడు.

బెల్టు సర్ది మళ్లీ వేశారు. స్క్రూ ఏ అడ్డూ లేకుండా, ఇంతకు ముందు కంటే నిమ్మళంగా తిరిగింది. మూతి దగ్గర మళ్లీ బెండు పడింది. శ్రీశైలం వద్దనేలోపే సోని వంగి చెయ్యి పెట్టబోయి, ఆగిపోయింది. మళ్లీ పెట్టింది, మళ్లీ ఆగింది.

"నూకుతున్నయి అన్నా," అన్నది. "నా చెయ్యిని మెల్లగ ఎనక్కి నూకుతున్నయి."

బలరాం చూశాడు. అతని చేతినీ తోశాయి. ముసలామె గట్టు దిగి వచ్చి గాజుల చెయ్యి పెట్టింది. ఆమె చేతిని తొయ్యడమే కాదు, ఒకసారి పట్టుకొని వదిలాయి కూడా. ఆమె నవ్వి, చెయ్యి కొంగుకు తుడుచుకొని వెళ్లి కూర్చున్నది.

"నీయి నువ్వు తీస్కపో అన్నా," అన్నది సోని. "మేం జాలి పెట్టుకుంటం."

శ్రీశైలం కల్లమంతా ఒకసారి చూశాడు. కుప్ప మీద ఎక్కి జారుతున్న పిల్లల్ని చూశాడు.

"జాలి పెట్టుకోండ్రి," అన్నాడు. "కానీ జాలి మళ్ల మీరే ఇప్పుతరు. ఇవైతే ఎవలిప్పినా రావు. ఉండనియ్యి."

మర్నాడు షాపులో స్పానర్ చేతిలోంచి జారింది. సుద్దముక్క జారింది. శ్రీశైలం స్టూలు మీద కూర్చొని కుడిచేతిని ఇటూ అటూ తిప్పి చూసుకున్నాడు. కోపంగా లేడు. కొత్తగా కొన్న వస్తువును చూసినట్టు చూస్తున్నాడు. అరుణశ్రీ కిందపడ్డ స్పానర్ తీసి, సగంలో ఆగిన నట్టు బిగించడం మొదలుపెట్టింది. ఆయన వద్దనలేదు.

"ఇంకో పావు తిప్పు," అన్నాడు కాసేపటికి.

తిప్పింది.

"గట్ల గాదు. బొటనవేలు బయటికుంచు."

మధ్యాహ్నం దాకా అట్లాగే సాగింది. అన్నం తిని వచ్చాక ఆయన మిషను బెల్టు వైపు చూస్తూ, "ఫ్యాక్టరీవాళ్లు ఎప్పుడు రమ్మన్నరు?" అని అడిగాడు.

"సోమారం."

"చైన్ పుల్లీ తోని లాగే పని సోమారమే పడ్డది. నా ఒక్కనితోని కాదు."

అరుణశ్రీ స్పానర్ కింద పెట్టి ఆయన ముఖంలోకి చూసింది. "అయితే వాళ్లకు ఫోన్ చేస్త," అన్నది.

ఆ సోమవారం ఇద్దరూ కలిసి షాఫ్టు మీది రేకులు లాగారు. ఆయన దూరంగా నిలబడి చెబుతుంటే ఆమె పొడవాటి కడ్డీతో రేకును సర్దింది. కడ్డీ సరిపోకపోతే దానికి కొక్కెం అతికించుకున్నది. అప్పటి నుంచి ఆ షాపులో తయారయ్యే ప్రతి మిషనుకూ జాలి బోల్టులతో కాదు, వెల్డింగుతో వస్తున్నది. పొట్టు పేరుకోకుండా దాన్ని వాలుగా పెట్టడం అరుణశ్రీ ఆలోచనే. ఇంట్లో పొద్దున శ్రీశైలం చొక్కా గుండీలు సునంద పెడుతుంది. ఆయన కదలకుండా నిలబడతాడు. ఇద్దరికీ అదేం కష్టంగా లేదు. కొత్త సూట్‌కేసులో ఇప్పుడు గ్రైండర్ బిళ్లలు ఉంటున్నాయి.

తర్వాతి యాసంగి మక్కలప్పుడు, సోని మిషను చూసి పక్క తండా హాతీరాం కూడా ఒకటి కావాలన్నాడు. కొలతలకు పోతూ తండ్రీబిడ్డలు దారిలో సోని కల్లం దగ్గర ఆగారు. మిషను నడుస్తున్నది. బలరాం నీడలో కూర్చొని బస్తాల మూతులు కుడుతున్నాడు. జాలి ఎప్పుడో విప్పేసి చెట్టుకు ఆనించి ఉంది.

శ్రీశైలం ఎవరికీ చెప్పకుండా గొట్టం మూతి దగ్గర కూర్చొని కుడిచెయ్యి లోపలికి పెట్టాడు. ఆయన చేతిని మాత్రం అవి వెనక్కి తొయ్యలేదు. చాలాసేపు అట్లాగే ఉన్నాడు. గింజలు ఆయన చేతిని తాకకుండా పక్కలనుంచి ఎక్కిపోయాయి. సోని చాయ్ తెచ్చి, ఆయన లేచేదాకా గ్లాసు పట్టుకొని నిలబడ్డది.

ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే సునంద తువ్వాల అందించింది.

"పోయి చూసొచ్చినవా? ఎట్లున్నయి?"

"మంచిగున్నయి," అన్నాడు శ్రీశైలం. "చేతినిండ పని."