తిరుగుదాం అన్న పిల్ల

తూరున్‌కి ఊళ్లో మంచిపేరుంది. చెడ్డపేరు వస్తే ఏదో ఒక రోజు కడుక్కోవచ్చు. మంచిపేరు అంటుకుందా, వదిలించుకోవడం దేవుడి తరం కూడా కాదు. ఆ సంగతి ఆవిడకి యాభై ఆరో ఏట, సెప్టెంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం, ఊరి స్కీయింగ్ సంఘం ఇంట్లో కాఫీ కప్పుల మధ్య తెలిసొచ్చింది.

పదకొండేళ్లుగా ఆవిడ, కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన ఆ సముద్రపాయ, ఆ ఫ్యోర్డు ఒడ్డు పిల్లలకి కొండమీద స్కీయింగ్ నేర్పుతోంది. లిఫ్టు ఎక్కి దిగే ముచ్చట కాదు. స్కీల అడుగున పట్టీలు అంటించుకుని, మూడు గంటలు చెమటోడ్చి కొండ ఎక్కి, ఎవరూ తొక్కని మంచులో పది నిమిషాల్లో కిందికి జారిపోయే పిచ్చి. పదిహేనేళ్లు వచ్చేసరికి అక్కడి పిల్లలకి ఆ పిచ్చి ఎలాగూ పడుతుంది. మనం నేర్పకపోతే వాళ్లే నేర్చుకుంటారు, నేర్చుకునేలోపు కొందరు చస్తారు. ఇదీ ఆవిడ వాదన. అందుకే జారడంకన్నా ముందు తవ్వడం నేర్పేది. మంచు చరియ కింద పూడిన మనిషిని ఒంటికి కట్టుకున్న బీకన్ అనే చిన్న పెట్టె కూతను బట్టి వెతకడం, పొడవాటి కడ్డీతో గుచ్చి చూడడం, పారలు పట్టుకుని వంతులవారీగా తవ్వడం. జనవరంతా పిల్లలు బడి వెనక మైదానంలో గోనెసంచులు పూడ్చుకుంటూ, తవ్వుకుంటూ ఉండేవాళ్లు. "బంగాళాదుంపలు ఎలా కాశాయర్రా?" అని దారినపోయేవాళ్లు ఎగతాళి చేసేవాళ్లు.

వీటన్నిటికీ పైన ఒక సూత్రం ఉంది. గుంపులో ఎవరైనా సరే "తిరుగుదాం" అంటే అందరూ వెనక్కి తిరగాలి. ఎందుకని ఎవరూ అడగకూడదు. భయానికి కారణం చెప్పడం చేతకాదు, చెప్పమంటే నోరు మూసుకుంటుంది అని తల్లిదండ్రులకి ఆవిడ ఏటేటా వివరించేది. వెనక్కి తిరగడంలో సిగ్గులేదని ఆ దేశంలో పుట్టిన ప్రతివాడికీ ఉగ్గుపాలతో పోస్తారు. కానీ నిజంగా తిరిగొచ్చినవాణ్ణి బడిలో ఎవడూ భుజం తట్టడు. తూరున్ తట్టేది. తిరుగుదామన్న పిల్లకో పిల్లాడికో తన సంచిలోంచి ఒక నారింజపండు తీసి ఇచ్చేది.

ఆ ఫిబ్రవరిలో వరసగా రెండుసార్లు తిరిగొచ్చారు. మొదటిసారి పొగమంచు, సరే. రెండోసారి ఆకాశం అద్దంలా ఉంది. ఎవరో తిరుగుదామన్నారు, తిరిగారు. అదే మధ్యాహ్నం పక్కలోయ కుర్రాళ్లు అదే కొండమీంచి మంచు ఎగజిమ్ముకుంటూ దిగిన వీడియో పిల్లలందరి ఫోన్లలోకీ వచ్చింది. బ్రాగె అనే కుర్రాడు దాన్ని తూరున్ ముక్కు దగ్గర పెట్టి, "చూశావా, మన నారింజపండు ఖరీదు ఇదీ," అన్నాడు. వాడు మంచివాడే, నోరే దురుసు. సంఘం అధ్యక్షుడు ఔడున్ కూడా కొట్లో కనపడి, "ఏం తూరున్, ఈ ఏడు మావాళ్లకి కొండెక్కడం నేర్పుతున్నావా, కార్లో కూచోవడమా?" అని నవ్వాడు. తూరునూ నవ్వింది. కానీ ఆ మాట ముల్లులా దిగి లోపలే ఉండిపోయింది.

మార్చి రెండో శనివారం ఎనిమిదిమందిని కొల్‌హోర్న్ కొండకి తీసుకెళ్లింది. ఎండ వెచ్చగా ఉంది. శిఖరానికి అరగంట దూరంలో పెద్ద బండ ఒకటుంది, ఏ చరియా దానిమీదికి రాదు. ఎక్కాలా, తిరగాలా అని తేల్చుకునే చోటు అదే. పిల్లలు నీళ్లు తాగుతున్నారు. అప్పుడు తిరిల్ అంది, "తిరుగుదాం."

తిరిల్‌కి పదిహేనేళ్లు. పొదుపుగా మాట్లాడే పిల్ల. మూడేళ్లలో ఆ మాట ఒక్కసారీ అని ఎరగదు.

"ఎందుకు?" అంది తూరున్.

అన్నాక గానీ తానేమందో తనకే తెలియలేదు. మిగతా ఏడు తలలూ తిరిల్ వైపు తిరిగాయి. బ్రాగె నిట్టూర్చాడు. ఆ పిల్ల మొహం చెవులదాకా ఎర్రబడింది. పైన మంచు ఎండకి మెత్తబడిన తీరు ఆమెకి నచ్చలేదేమో, కాళ్లకింద ఏదో గుల్లగా అనిపించిందేమో. ఏదైనా గానీ అది మాటల్లో పెట్టగలిగే వయసు కాదు.

"ఏం లేదు," అంది చివరికి. "బూటు నొక్కుతోంది."

"కట్టు వదులు చేసుకోమ్మా, అరగంటలో పైనుంటాం," అంది తూరున్. ఎవరో కిసుక్కున నవ్వారు. తిరిల్ వంగి బూటు కట్టుమీద చెయ్యి పెట్టింది. అది అప్పటికే వదులుగా ఉంది. తూరున్ చూసింది. చూసి, సంచి భుజాన వేసుకుంది.

బండ దాటాక ఒక వాలు కింద ఎనభై అడుగులు అడ్డంగా నడవాలి. ఒకరి వెనక ఒకరు, మధ్య చాలా ఎడంతో. చరియ పడితే ఒక్కరే పోవాలి, ఇద్దరు కాదు అన్నది లెక్క. తూరున్ ముందు దాటింది. నలుగురు దాటారు. అయిదో మనిషి తిరిల్ సగంలోకి వచ్చి ఆగిపోయింది. కాళ్లు రాలేదు. వెనకున్న బ్రాగె ఎడం మరిచి దగ్గరికొచ్చేశాడు. "మళ్లీ బూటేనా నీకు?" అంటూనే సాయంగా మోచెయ్యి పట్టుకున్నాడు. పైన కాగితం చింపినట్టు చిన్న చప్పుడయింది. తెల్లటి గోడ ఒకటి కిందికి కదిలింది. తిరిల్‌ని పక్కకి విసిరేసి బ్రాగెని తీసుకుపోయింది.

పిల్లలు నేర్పింది నేర్పినట్టు చేశారు. ఒక్కరూ ఏడవలేదు, ఒక్కరూ అటూ ఇటూ పరుగెత్తలేదు. బీకన్లు తీశారు, కూతను బట్టి దిగారు, కడ్డీలు గుచ్చారు. కడ్డీ బ్రాగె వీపుకి తగిలింది తిరిల్ చేతిలోనే. పదకొండు నిమిషాల్లో వాడి మొహం బయటికి తీశారు. నీలంగా ఉంది, కానీ బతికే ఉన్నాడు.

బతికాడంటే, ఇప్పుడు నడుస్తాడు, నవ్వుతాడు, తింటాడు. చెంచా కావాలంటే కిటికీ ఇమ్మంటాడు. వాళ్లమ్మకి ఆ భాష అలవాటైపోయింది.

ఊరు తూరున్‌ని నెత్తిన పెట్టుకుంది. పదకొండు నిమిషాలంటే మాటలా అన్నారు. పేపర్లో ఫోటో వేశారు. ఏ గోనెసంచుల్ని చూసి నవ్వారో ఆ గోనెసంచుల గురించే పక్క లోయలవాళ్లు ఉత్తరాలు రాశారు, వచ్చి మా పిల్లలకీ నేర్పమని. బ్రాగె తండ్రి ఇంటికొచ్చి రెండు చేతులూ పట్టుకుని వదలకుండా నిలబడ్డాడు. తూరున్ ఆ చేతుల్ని విదిలించుకోలేకపోయింది.

సంఘం తరఫున ఔడున్, ఇంకో ఇద్దరు కూచుని విచారణ చేశారు. ఎవరైనా తిరుగుదామన్నారా అని వాళ్లు అడగనే లేదు. తూరున్ గుంపులో ఆ మాట వచ్చుంటే తిరిగే వచ్చేవాళ్లు కదా, ఇక అడగడమెందుకు. అక్కడ ఎందుకాగారు అని మాత్రం అడిగారు. "బూటు నొక్కింది," అని తిరిల్ చెప్పింది. మిగతా పిల్లలకీ తాము నవ్విన ఆ బూటు మాటే గుర్తుంది. తూరున్‌ని అడిగినప్పుడు, "బూటు నొక్కుతోందంది," అని చెప్పింది. అబద్ధం కాదు మరి, ఆ పిల్ల అన్నమాటే. ఇలాంటి నిజాలు చెప్పడానికి చదువుకున్నవాళ్లే కావాలి. మే నెలలో నివేదిక వచ్చింది. ఒక సభ్యురాలు బూటు సరిచేసుకోవడానికి ప్రమాదస్థలంలో ఆగడంవల్ల ఎడం తగ్గి ప్రమాదం జరిగిందని రాశారు. పేరు రాయలేదు. మూడువందల ఇళ్లున్న ఊళ్లో పేరు రాయాలా?

బడిలో తిరిల్‌ని "బూటు" అని పిలవడం మొదలుపెట్టారు. కొట్లో బ్రాగె నాయనమ్మ ఆ పిల్లని చూసి బుట్ట అక్కడే పెట్టేసి వెళ్లిపోయేది. తూరున్ ఇవన్నీ విని తేలుకుట్టిన దొంగలా ఊరుకుంది. రేపు చెప్తాననుకుంది. వేసవి సెలవులు కానీ అనుకుంది. రోజు గడిచేకొద్దీ, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు అనే ప్రశ్నకి కూడా జవాబు చెప్పాల్సి వచ్చేలా ఉంది. అది ఇంకా కష్టం.

జూన్‌లో ఒకసారి ధైర్యం చేసి తిరిల్ ఇంటికి వెళ్లింది. తల్లి గురో తలుపు తీసింది. కాఫీ పెట్టి, కేకు కోసి, ఎదురుగా కూచుని, తూరున్ నోరు తెరిచేలోపే కళ్లనీళ్లు పెట్టుకుంది. "నీ మొహం చూడలేకపోతున్నాను తూరున్. పదకొండేళ్లు ఒక్క పిల్లకీ గీత పడకుండా చూసుకున్నావు. మా పిల్ల ఒక బూటు సంగతి ముందే చూసుకోక..."

ఇప్పుడు చెప్పాలి. ఇంతకన్నా సందు ఇంకెప్పుడూ దొరకదు. తూరున్ చేయి చాచి గురో చేతిమీద వేసింది.

"చిన్నపిల్ల. పోనీలే," అంది.

క్షమించేసింది. తన తప్పుకి ఆ పిల్లని క్షమించేసింది. గురో ఆ చేతిని కళ్లకద్దుకుంది. తూరున్ తలెత్తి చూస్తే, మెట్లమీద తిరిల్ నిలబడి ఉంది. ఊలు మేజోళ్లతో నేలమీద జారుతూ ఆడుకుంటున్న పదేళ్ల చెల్లెలు ఓడా, "అక్కా, దిగవేం?" అని పిలుస్తోంది. తిరిల్ తూరున్‌ని చూసి, వెనక్కి తిరిగి పైకి వెళ్లిపోయింది.

ఆ రోజునుంచీ తూరున్‌కి తిండి సయించలేదు. చివరికి సెప్టెంబరు సర్వసభ్య సమావేశంలో, అందరి ముందూ చెప్పేయాలని నిశ్చయించుకుంది. ఆ పిల్లని ఊరు ఊరంతా కలిసి నిందించింది గనక ఊరు ఊరంతా వినాలి. రెండు రోజులు అద్దం ముందు సాధన చేసింది కూడా.

హాలు నిండిపోయింది. వాఫిల్స్ మీద గోధుమరంగు జున్ను పరిచి ఆడవాళ్లు పళ్లేలు తిప్పుతున్నారు. తిరిల్ తల్లితో కలిసి కాఫీ బల్ల దగ్గర కప్పులు సర్దుతోంది. ఔడున్ లేచి కొత్త నిబంధన చదివాడు. ఇకమీదట కొండకి బయల్దేరేముందు ప్రతి పిల్లా బూట్లతో పావుగంట నడిచి చూపించాలి, నొక్కినవాళ్లు కిందే ఉండిపోవాలి. అందరూ తలలాడించారు. కొందరు కాఫీ బల్లవైపు చూశారు. తర్వాత తూరున్‌కి అద్దం బిగించిన చట్రంలో ఒక ప్రశంసాపత్రం ఇవ్వబోయాడు.

"ముందు నా మాట వినండి," అంది తూరున్. "బూటు ఏం నొక్కలేదు. బండ దగ్గర తిరిల్ తిరుగుదాం అంది. నేను ఎందుకని అడిగాను. మన సూత్రం నేనే తప్పాను. అందరి ముందూ ఆ పిల్ల సిగ్గుపడి బూటు అంది. ఆ కట్టు వదులుగా ఉండడం నేను చూశాను. చూసీ పైకి తీసుకెళ్లాను. మధ్యలో ఆగిందంటే భయపడి ఆగింది. తప్పంతా నాది, పిల్లది కాదు."

తూరున్ ఎదురుచూసింది. ఎవరైనా లేచి తిడితే బాగుండును. ఔడున్ కళ్లు చెమర్చాయి.

"చూశారా," అన్నాడు జనంవైపు తిరిగి. "తూరున్ అంటే ఇదీ. ఒక పిల్ల నలుగురిలో నలిగిపోతోందని నింద తన నెత్తిన వేసుకుంటోంది. ఇంతకన్నా గొప్ప గురువుని నేను చూడలేదు."

చప్పట్లు మొదలయ్యాయి. బ్రాగె తండ్రి లేచి నిలబడి కొట్టాడు. నిజం నిలకడమీద తెలుస్తుందంటారు. మరీ ఆరు నెలలు నిలబెడితే అది దయాగుణంలా కనపడుతుందని ఎవరూ చెప్పరు.

"కాదు, నిజం," అని తూరున్ అరిచినంత పని చేసింది. "ఆ పిల్లనే అడగండి. తిరిల్, నువ్వు చెప్పమ్మా."

అందరూ అటు తిరిగారు, ఆ రోజు బండ దగ్గర తిరిగినట్టే. ఈసారి ఆ పిల్ల మొహం ఎర్రబడలేదు. చేతిలో కప్పు మెల్లగా బల్లమీద పెట్టింది.

"బూటు నొక్కింది," అంది. "అంతే."

జనం జాలిగా ఊపిరి వదిలారు. నిజాయితీ గల పిల్లే పాపం అని ఎవరో మెచ్చుకున్నారు కూడా. నిబంధన ఏకగ్రీవంగా గెలిచింది. ప్రశంసాపత్రం తూరున్ చేతికొచ్చింది. గురో వచ్చి తూరున్‌ని కావలించుకుని భుజం తడిపేసింది. తూరున్ ఆమెను విడిపించుకుని కాఫీ బల్ల దగ్గరికి వెళ్లింది.

"ఎందుకే అలా చెప్పావు? నీ పేరు నిలబెట్టాలనే కదా నేను..."

"జూన్‌లో మా ఇంటికొచ్చావు," అంది తిరిల్, గొంతు పెంచకుండా. "అప్పుడు మా అమ్మ ఏడుస్తోంది. చెప్పొచ్చు. చెప్పలేదు. ఇవాళ నీకు బరువెక్కువైంది, దించుకోవాలి. నేనెందుకు పట్టుకోవాలి?"

అంతా వెనకనుంచి వస్తున్నారు, తూరున్ భుజం తడుతున్నారు.

గుమ్మం దగ్గర బల్లమీద ఈ చలికాలం కొత్తగా చేరే పిల్లల పట్టిక పెట్టారు. అంతకుముందెప్పుడూ ఆరు పేర్లకి మించలేదు. ఇప్పుడు తల్లిదండ్రులు వరసకట్టారు. "తూరున్ చేతిలో పెడితే ఇక దిగుల్లేదు," అంటున్నారు. గురో కళ్లు తుడుచుకుంటూ ముందుకెళ్లి, కలం తీసుకుని, ఓడా పేరు గుండ్రంగా రాసింది.

తిరిల్ వెనకే వచ్చింది. తల్లి చేతిలో కలం తీసుకుని, ఆ పేరుమీద ఒక గీత గీసింది. సరిగ్గా కనపడిందో లేదోనని ఇంకో గీత గీసింది.

"ఇదేం పనే?" అంది గురో నిర్ఘాంతపోయి. "ఇంతమందిలో తూరున్‌ని అవమానిస్తావా?"

"అది రాదు," అంది తిరిల్. కలం వెనకున్నవాళ్లకి అందించి, కోటు తీసుకుని వెళ్లిపోయింది.

"పట్టించుకోకు తూరున్, దానికింకా మనసు కుదుటపడలేదు," అని గురో బతిమాలుతోంది. వెనక వరసలోవాళ్లు ఆ గీతల కింద తమ పిల్లల పేర్లు రాసుకుంటూ పోతున్నారు. తూరున్ ప్రశంసాపత్రం చంకలో పెట్టుకుని, వాళ్లని ఆపడానికి ఏం చెప్పినా నమ్మరని తెలిసి, అక్కడే నిలబడి పేర్లు చూస్తూ ఉండిపోయింది.