ముక్కులో దొరికిన వైరస్

పాపకి ఇరవై రెండు రోజులు. పొద్దున్నుంచీ మత్తుగా పడి ఉంది. ఒళ్లు పెనంలా కాలుతోందని అమ్మమ్మ అనగానే, ఉన్నపళంగా ఆసుపత్రికి తీసుకొచ్చారు.

పిల్లల వార్డులో డ్యూటీ డాక్టరమ్మ కొత్త. చేరి ఏడాది కూడా కాలేదు. జ్వరం నూట రెండు. ముక్కులో పుల్ల పెట్టి తీసిన నమూనా గంటలో జవాబు చెప్పింది: జలుబు వైరస్ ఉంది.

తండ్రి హమ్మయ్య అనుకున్నాడు. "మా పెద్దదానికి పది రోజులుగా జలుబండీ. దాన్నుంచే అంటుకుంది. ఇక ఇంటికెళ్లొచ్చా?"

"అప్పుడే కాదండీ. రక్తం, మూత్రం తియ్యాలి. వెన్నులోంచి కొంచెం నీరు కూడా."

తల్లి పాపని గుండెకి హత్తుకుంది. తండ్రి గొంతు మారింది. "దొంగ దొరికాక కూడా ఊరంతా సోదా చేస్తారా?"

"దొరికినవాడు ఒంటరిగానే వచ్చాడని చెప్పలేం కదండీ. ఈ వైరస్ ఒక్కోసారి వారాల తరబడి ముక్కులోనే ఉండిపోతుంది. జ్వరం దానివల్లేనని నమ్మి పంపించేస్తే, లోపల బాక్టీరియా ఉంటే? నెల నిండని పిల్లల్లో అది జ్వరం తప్ప ఇంకేమీ చూపించకపోవచ్చు."

"ఉంటే, ఉంటే అంటూ నా బిడ్డ వెన్నులో సూది గుచ్చుతారా?"

డాక్టరమ్మకీ లోపల గుబులుగానే ఉంది. అన్నీ శుభ్రంగా వస్తే? ఊరికే పసిదాన్ని హింస పెట్టిందంటారు. అయినా సంతకం కోసం అతని ముందు పెట్టిన అంగీకార కాగితం వెనక్కి తీసుకోలేదు.

అమ్మమ్మ అల్లుడి దగ్గరికొచ్చింది. "బాబూ, పెద్దదానికి జలుబు చేస్తే ఇల్లంతా తుమ్ములే. దీనికి ముక్కు కారిందా? ఒక్కసారైనా తుమ్మిందా? నాకెందుకో మనసు కీడు శంకిస్తోంది. చెయ్యనివ్వు."

అల్లుడు ఆవిడ వైపు చూశాడు. సంతకం పెట్టి వరండాలోకి వెళ్లిపోయాడు.

నర్సు పాపని పక్కకి తిప్పి, మోకాళ్లు పొట్టకి ఆనించి పట్టుకుంది. మొదటిసారి సూదిలోంచి నెత్తురు చుక్క వచ్చింది. పాప ఏడుపు సన్నగా, నీరసంగా ఉంది. గట్టిగా ఏడిస్తే బాగుండునని డాక్టరమ్మకి అనిపించింది. రెండోసారి నీళ్లలాంటి చుక్కలు ఒక్కొక్కటే జారాయి. ఫలితాల కోసం ఆగకుండా యాంటీబయోటిక్ మొదలుపెట్టారు.

మధ్యాహ్నానికి ల్యాబ్ నుంచి ఫోనొచ్చింది. వెన్నునీరు బాగానే ఉంది, మెదడుకేమీ సోకలేదు. మూత్రంలో మాత్రం చీముకణాలు. మర్నాడు, రక్తాన్ని ల్యాబ్‌లో ఉంచి చూసే కల్చర్ పరీక్షలోనూ బాక్టీరియా పెరిగింది. మూత్రంలో మొదలైంది రక్తానికి పాకింది.

డాక్టరమ్మ ఆ మాట చెబుతుంటే తండ్రి గోడకి ఆనుకున్నాడు. "నిన్న ఇంటికి తీసుకెళ్లిపోయుంటే?"

"తీసుకెళ్లలేదు కదండీ," అంది ఆమె.

మూడో రోజుకి జ్వరం దిగింది. పది రోజులకి ఇంటికి పంపేటప్పుడు, మూత్రపిండాల స్కాన్‌కి మళ్లీ ఎప్పుడు రావాలో డాక్టరమ్మ చీటీ మీద రాసిచ్చింది. తండ్రి దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, పాపని ఎత్తుకోమని అత్తగారికి అందించాడు. "ముందు మీరు నడవండి, అత్తయ్యా," అన్నాడు.